పులికి అడ్డం చెంచు కాదు

అడవి బాగుపడాలంటే అందులోని మనుషులు బయటికి రావాలన్న మాటను ఈ రోజుల్లో కాదనేవాళ్లు తక్కువ. అధికారుల ప్రసంగాల్లో, పత్రికల వ్యాసాల్లో, సఫారీ జీపు దిగివచ్చిన కుటుంబాల కబుర్లలో ఒకే వాదన వినిపిస్తుంది. నల్లమల పులి ఇల్లు. అక్కడి పెంటల్లో, అంటే అడవి గూడేల్లో, చెంచు ఆదివాసులు ఉన్నంతకాలం పులికి నెమ్మది ఉండదు. ఇంటికి 15 లక్షలిచ్చి మైదానానికి తెస్తే పులికీ మేలు, చెంచులకూ మేలు. ఈ మాట అనేవాళ్లలో చాలామంది మంచివాళ్లే, పులి మీద నిజమైన ప్రేమ ఉన్నవాళ్లే. అందుకే ఈ వాదనకు ఇంత బలం వచ్చింది. అందుకే దీన్ని గట్టిగా ఖండించాల్సిన అవసరమూ వచ్చింది.

ఇది మాటల దగ్గర ఆగిపోయిన సంగతి కాదు. 2024 జూన్ 19న జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ రాష్ట్రాలకు లేఖ రాసింది. పులుల అభయారణ్యాల నడిబొడ్డున ఉండే కోర్ ప్రాంతాల్లో ఇంకా 591 గ్రామాలు, 64,801 కుటుంబాలు ఉన్నాయని, వాటిని తరలించే పని వేగం చేయాలని దాని సారాంశం. ఇంటికి నలుగురే అనుకున్నా రెండున్నర లక్షల మంది. ఒక పెద్ద ఆనకట్ట కింద ఇంతమంది మునిగిపోతుంటే దేశమంతా మాట్లాడుకునేది. ఇక్కడ ముంపు లేదు, నీళ్లు లేవు, పులి పేరు మాత్రమే ఉంది కాబట్టి చప్పుడు లేదు.

నల్లమలలో పులి ఎందుకు తగ్గిందో ముందు చూద్దాం. అడవిలో మంచెలు కట్టించుకుని, జనం చేత డప్పులు కొట్టించి, ఎదురుగా వచ్చిన పులిని తుపాకీతో కాల్చినవాళ్లు నవాబులు, దొరలు, వాళ్ల తర్వాత లైసెన్సు పుచ్చుకున్న షికారీలు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చేనాటికి దేశమంతటా పులిని చంపడం పెద్దింటి వినోదంగా సాగి సాగి ఉంది. వెదురు కాగితం మిల్లులకు పోయింది. శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల కింద కృష్ణ లోయ అడవి మునిగింది. హైదరాబాద్–శ్రీశైలం రహదారి అడవిని నిలువునా చీల్చింది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు ఆపితే తప్ప జంతువులు రోడ్డు దాటలేని స్థితి వచ్చింది. ఇవన్నీ బయటినుంచి వచ్చిన పనులు. విల్లంబుతో ఉడుమునో కుందేలునో కొట్టుకుని, గడ్డలు తవ్వుకుని, తేనె తీసుకుని బతికిన మనిషి వల్ల ఏ అడవీ ఖాళీ కాలేదు. చెంచులూ పులులూ ఒకే నీటిచెలమ దగ్గర నీళ్లు తాగిన శతాబ్దాల్లో నల్లమల పులులకు కొదవ రాలేదు. కొదవ వచ్చింది గత నూరేళ్లలో. ఆ నూరేళ్ల పాపాలకు ఇప్పుడు మూల్యం చెల్లించమని అడుగుతున్నది మాత్రం చెంచునే.

2019 సంగతి కూడా మరిచిపోకూడదు. నల్లమలలో తెలంగాణ వైపున్న అమ్రాబాద్ అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం కోసం వేల సంఖ్యలో బోర్లు వేసే అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా పచ్చజెండా ఊపింది. అంటే పులి నెమ్మది కోసం చెంచు వెళ్లిపోవాలి, డ్రిల్లింగ్ యంత్రం మాత్రం లోపలికి రావచ్చు! అప్పుడు అడ్డుపడిందెవరు? అమ్రాబాద్, పదర మండలాల జనం. చెంచులు, రైతులు, కూలీలు, వాళ్ల వెనుక పట్టణాల నుంచి వచ్చిన విద్యార్థులు, రచయితలు. రోడ్ల మీద కూర్చున్నారు, పరీక్షల బృందాలను నిలదీశారు. ఆ ఒత్తిడికే 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అప్పటికే పెంటలన్నీ ఖాళీ అయి ఉంటే ఆ రోడ్డు మీద కూర్చునేవాళ్లు ఎవరు? మనుషుల్ని తీసేసిన అడవిలో సర్కారు సంతకాన్ని ప్రశ్నించే గొంతు మిగలదు. గనుల కంపెనీకి అంతకంటే అనువైన చోటు ఇంకేముంటుంది?

జనాన్ని దూరం చేసుకున్న అడవుల గతి ఏమైందో రాజస్థాన్‌లోని సరిస్కా చూపించింది. 2004–05లో అక్కడ ఒక్క పులి కూడా లేదని తేలింది. గార్డులున్నారు, జీపులున్నాయి, కంచెలున్నాయి, నిధులున్నాయి. వేటగాళ్లు మాత్రం పులుల్ని ఒక్కొక్కటిగా తీసుకుపోయారు. ఆ సిగ్గులోంచే ప్రధానమంత్రి, పర్యావరణవేత్త సునీతా నారాయణ్ అధ్యక్షతన టైగర్ టాస్క్‌ఫోర్స్ వేశారు. 2005లో వచ్చిన వాళ్ల నివేదిక ఒక సంగతి తేటతెల్లం చేసింది. చుట్టూ ఉన్న జనం పగబట్టిన చోట పులిని ఏ తుపాకీ కాపాడలేదు. ఆ తర్వాత నాలుగేళ్లకే మధ్యప్రదేశ్‌లోని పన్నాలోనూ పులులు పూర్తిగా పోయాయి. అయినా నివేదికలోని ఆ మాట పక్కకు పోయింది, తరలింపు జాబితాలు బయటికొచ్చాయి.

దీనికి ఎదురు ఉదాహరణ మన పక్కనే కర్ణాటకలో ఉంది. బిళిగిరి రంగస్వామి గుడి పులుల అభయారణ్యంలో సోలిగ ఆదివాసులకు 2011లో సాముదాయిక అటవీ హక్కులు వచ్చాయి. దేశంలో కోర్ ప్రాంతంలో అలాంటి హక్కులు దక్కిన మొదటి వాళ్లలో వాళ్లున్నారు. హక్కులిస్తే పులులు పోతాయని జోస్యం చెప్పినవాళ్లు చాలామంది. 2010లో 35గా ఉన్న పులుల లెక్క 2014కు 68 అయింది. లెక్కింపు పద్ధతులు మెరుగుపడటం వల్ల కొంత పెరిగిందనుకున్నా, పులులు పోలేదన్నది మాత్రం ఎవరూ కాదనలేరు.

ఇక చెంచుల దగ్గరికి వద్దాం. కొండతేనె తీసే పద్ధతి ఒక్కటి చూడండి. నల్లమల లోయల్లో నిట్టనిలువు రాతిని అంటుకుని పెద్దపెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. పైన చెట్టుకు తాడు కట్టి ఒక మనిషి లోయలోకి దిగుతాడు. కింద వందల అడుగుల లోతు. పొగ పెట్టి ఈగలను లేపి, పొడవాటి కర్రతో పట్టును కోసి బుట్టలోకి దించుతాడు. పైన తాడు దగ్గర కాపలా ఉండేది బావమరిది. తోబుట్టువు పసుపుకుంకాలు తన చేతిలోనే ఉన్నాయి కాబట్టి అతను తాడు వదలడని చెంచులు చెప్పుకుంటారు. పట్టునంతా కోయరు, ఈగలు మళ్లీ కట్టుకునేందుకు కొంత వదిలేస్తారు. మళ్లీ ఏడు అదే రాతి దగ్గరికి రావాలి కాబట్టి. ఏ చెట్టు ఏ నెలలో పూస్తుందో, ఏ వాగులో వైశాఖం దాకా చెలమ నిలుస్తుందో, తపసి చెట్టుకు ఎంత లోతు గాటు పెడితే బంక కారుతుందో, ఎంతకు మించితే చెట్టు చస్తుందో తెలిసిన మనుషులు వీళ్లు. కణుజు ఒక్కసారి అరిస్తే ఊరుకుంటారు. వెంటవెంటనే అరుస్తూ, కొండముచ్చు కూడా గొంతు కలిపితే పెద్దపులి కదిలిందని లేచి నిలబడతారు. వాగు ఇసుకలో అడుగు చూసి మగదా ఆడదా, పొద్దున పోయిందా రాత్రి పోయిందా చెప్పగలరు.

ఈ సంగతి అటవీశాఖకు తెలియనిది కాదు. నల్లమలలో ఆంధ్రప్రదేశ్ వైపున్న నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం దేశంలోని పులుల అభయారణ్యాల్లోకెల్లా విస్తీర్ణంలో పెద్దది. అంత అడవిలో బేస్ క్యాంపుల్లో ఉండి, తెల్లవారుజామున లేచి కాలినడకన తిరిగి, ఉచ్చులు ఏరి, కెమెరాలు కట్టి, నీటిగుంతలు చూసుకునే వాచర్లలో చెంచులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వాళ్లు లేకపోతే గస్తీ నడవదని అధికారులే ఒప్పుకుంటారు. వాళ్లలో చాలామందికి ఉద్యోగ భద్రత లేదు. పులిని కాపాడే పనికి చెంచు కావాలి. పులి ఉన్న అడవిలో కాపురానికి మాత్రం చెంచు పనికిరాడు. ఈ రెండు మాటలూ ఒకే శాఖ నోటినుంచి రావడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

చెంచుల్లో వేటగాళ్లకు దారి చూపినవాళ్లు లేరా అని అడుగుతారు. ఉంటారు. నాలుగు డబ్బుల కోసం, సారా కోసం, బెదిరింపుకు లొంగి దారి చూపినవాళ్లు ఏ అడవిలోనైనా ఉంటారు. ఆ మాట వాడిన ప్రతిసారీ ఇంకో మాట కూడా చెప్పాలి. అడవి నీది కాదని నూరేళ్లుగా మనం చెబుతూ వచ్చిన మనిషి దగ్గర ఆ అడవి పట్ల బాధ్యత ఆశించే హక్కు మనకెక్కడిది?

సందర్శకుల విషయం ఇంకా విడ్డూరం. 2012 జులైలో సుప్రీంకోర్టు కోర్ ప్రాంతాల్లో పర్యాటకాన్ని తాత్కాలికంగా ఆపింది. అదే ఏడాది అక్టోబరులో కేంద్ర మార్గదర్శకాలు వచ్చాక ఆ నిషేధం ఎత్తేసింది. ఆ మార్గదర్శకాల ప్రకారం కోర్‌లో 20 శాతం మేర సందర్శకులను అనుమతించవచ్చు. అంటే తరతరాలుగా గడ్డలు తవ్వుకున్న అవ్వ అడవికి అలజడి, డీజిల్ జీపులో కెమెరాలతో వచ్చే కుటుంబం అలజడి కాదు. కోర్ ప్రాంతంలో మనుషులే ఉండకూడదన్నది నిజంగా శాస్త్రమే అయితే అది టికెట్ కొన్నవాడికీ వర్తించాలి కదా! సలేశ్వరం లింగమయ్య జాతర చూడండి. చైత్ర పౌర్ణమికి ఆ లోయలోకి దిగే జనానికి అంతుండదు. మంచినీళ్ల సీసాలు, పొట్లాల కాగితాలు, చెప్పులు ఆ గుట్టల పక్కన నెలల తరబడి పడి ఉంటాయి. లింగమయ్యకు పూజారులు చెంచులే. జాతర తర్వాత చెత్త ఏరేవాళ్లలోనూ చెంచులున్నారు. అడవిలో పులికి ఇబ్బంది కలిగించే మనుషుల లెక్క తీయాలంటే ముందు మైదానం నుంచి వచ్చే మన లెక్క తీయాలి. ఇది తీర్థయాత్ర మీద కోపం కాదు, కొలత అందరికీ ఒకటిగా ఉండాలన్న పట్టుదల.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటేయడం నాకిష్టం లేదు. "నీకేం, పట్నంలో కూర్చుని చెబుతావు. పెంటలో పురిటినొప్పులొస్తే డోలీ కట్టి మోయాలి. బడి లేదు, డాక్టరు లేడు, కరెంటు లేదు. చెంచులను ప్రదర్శనశాలలో బొమ్మల్లా అక్కడే ఉంచేస్తావా?" అంటారు. ఆ కష్టం నిజం. నవజాత శిశువుల మరణాలు, క్షయ, రక్తహీనత అన్నీ నిజం. కానీ ఈ ప్రశ్న అడిగేవాళ్లు సౌకర్యాన్ని, బహిష్కారాన్ని ఒకే తాడుకు కట్టేస్తున్నారు. రోడ్డు కావాలా, అడవి వదులు. డాక్టరు కావాలా, అడవి వదులు. దేశంలో ఇంకెవరికీ ఈ షరతు లేదు. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్‌లోనే దీనికి పరిష్కారం ఉంది. బడి, ఆస్పత్రి, అంగన్‌వాడీ, రేషన్ దుకాణం, కరెంటు, మంచినీళ్లు, దారి వగైరా 13 రకాల సౌకర్యాలకు గ్రామసభ సిఫార్సు మీద ఒక్కోదానికి హెక్టారుకు మించకుండా, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా అటవీ భూమి ఇవ్వవచ్చు. చట్టం వచ్చి ఇన్నేళ్లయింది. ఈ సెక్షన్ కింద ఎన్ని పెంటలకు ఏమేం ఇచ్చారో అడిగి, ఆ తర్వాత తరలింపు గురించి మాట్లాడదాం. సౌకర్యం అందకుండా ఏళ్ల తరబడి మాడ్చి, విసిగిపోయిన మనిషి "సరే, పోతాం" అన్నప్పుడు దాన్ని స్వచ్ఛంద అంగీకారం అని రాసుకోవడం న్యాయం కాదు.

స్వచ్ఛందం అన్న మాటను చట్టం ఊరికే వాడలేదు. అదే 2006లో వన్యప్రాణి చట్టానికి తెచ్చిన సవరణ ప్రకారం, ముందు అక్కడి వాళ్ల హక్కులు తేల్చాలి. సహజీవనం సాధ్యం కాదని, ఇంకో దారి లేదని నిర్ధారించాలి. గ్రామసభ ఒప్పుకోవాలి. ఆ తర్వాతే తరలింపు. ఈ వరసను తలకిందులు చేసి, ముందు జాబితా, తర్వాత ప్యాకేజీ, చివరికి సంతకం అన్నట్టు నడిపిస్తే అది చట్టం కాదు.

ఇష్టపడి వెళ్లేవాళ్లు ఉండరని నేను అనడం లేదు. కర్ణాటకలోని భద్ర అభయారణ్యం నుంచి 2002 ప్రాంతంలో బయటికొచ్చిన కుటుంబాలకు నీటివసతి ఉన్న భూమి దక్కింది, తరలింపుల్లో మెరుగైనదిగా దానికి పేరుంది. అక్కడివాళ్లు వ్యవసాయం తెలిసినవాళ్లు, భూమికి బదులు భూమి దక్కింది. చెంచుల సంగతి వేరు. 15 లక్షల నగదును బ్యాంకులో వేసి వడ్డీ మీద బతకమంటే, అడవిని తప్ప బజారును ఎరగని కుటుంబం దగ్గర ఆ డబ్బు ఎన్నాళ్లు నిలుస్తుంది? మైదానంలో వాళ్లకు ఎదురుచూసే పని ఇటుకబట్టీ, పత్తిచేను, ఊరి చివర కూలి. నిన్నటిదాకా పులి అడుగు చదివిన మనిషి రేపు మేస్త్రీ కేకకు పరుగెత్తాలి. ఈ నష్టానికి వెల కట్టే లెక్క ఏ ప్యాకేజీలోనూ లేదు.

ఇక్కడ వాదన ఇంకో మలుపు తీసుకుంటుంది. "సరే, అడవి అంచున వాళ్లకు పర్యాటకంలో ఉద్యోగాలిస్తాం. ఎకో టూరిజం వస్తుంది, అందరూ బాగుపడతారు" అంటారు. దీన్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి. పర్యాటకం వల్ల అడవి మనుషులు నిజంగా బాగుపడ్డ చోట్లున్నాయి. ఆ చోట్లలో ఏం జరిగిందో చూస్తే తరలింపు వాదులు చెప్పేదానికి సరిగ్గా ఎదురుగా కనిపిస్తుంది.

కేరళలోని పెరియార్ తీసుకోండి. దాల్చినచెక్క జాతికి చెందిన చెట్ల బెరడు ఒలిచి అమ్ముకునే ముఠా ఒకటి ఆ అడవిలో ఉండేది. కేసులు, పరుగులు, జైళ్లు. 1990ల చివర్లో అటవీశాఖ వాళ్లతో కూర్చుని మాట్లాడింది. కేసులు ఎత్తేస్తాం, మీకు తెలిసిన దారులన్నీ అడవి కాపలాకు వాడండి అంది. వాళ్లు తమ సంఘం పెట్టుకున్నారు, సందర్శకులను అడవిలోకి కాలినడకన తీసుకెళ్లే టైగర్ ట్రెయిల్ వాళ్ల చేతికొచ్చింది. అదే నడకలో గస్తీ కూడా నడిచింది. తమ పాత సావాసగాళ్ల దారులు వాళ్లకంటే బాగా ఎవరికి తెలుస్తాయి? తర్వాత అక్కడి ఆడవాళ్లు వసంతసేన పేరుతో చందనపు అడవిలో జీతం లేకుండా వంతులవారీగా కాపలా తిరిగారు. 2004లో పెరియార్ ఫౌండేషన్ ఏర్పడింది. సందర్శకుల నుంచి వచ్చే రుసుములో భాగం ఖజానాలో కలిసిపోకుండా అక్కడి సంఘాలకూ సంరక్షణకూ దక్కేలా చూసింది. వాళ్లను బయటికి పంపి జీపు డ్రైవర్లుగా పెట్టుకోలేదు. అడవి పనిలో, డబ్బులో, మాటలో చోటిచ్చారు.

మనకు ఇంకా దగ్గరిది ఒడిశాలో చిలికా ఒడ్డున మంగళాజోడి. ఒకప్పుడు వలస పక్షుల్ని పట్టి అమ్మే ఊరిగా దానికి పేరు. 2000లో ఊరివాళ్లే మహావీర్ పక్షి సురక్షా సమితి పెట్టుకున్నారు. వల వేసిన చేతులే ఇప్పుడు గడకర్రతో పడవ తోస్తాయి. మోటారు లేని పడవలో, తుంగ పొదల మధ్య సందుల్లో, పక్షి లేవకుండా ఎంత దూరంలో ఆగాలో ఆ పడవవాడికి తెలిసినంతగా ఏ పుస్తకం చదివినవాడికీ తెలియదు.

నాగాలాండ్‌లోని పాంగ్తి కథ ఇంకా తీవ్రమైనది. సైబీరియా, మంగోలియా వైపునుంచి ఆఫ్రికా దాకా ఎగిరిపోయే అమూర్ డేగలు అక్టోబరు–నవంబరుల్లో దోయాంగ్ జలాశయం దగ్గర ఆగుతాయి. 2012లో అక్కడ వలలు కట్టి ఒక్క సీజన్‌లో లక్షకు పైగా పట్టారని సంరక్షకుల అంచనా. ప్రపంచమంతా ఛీకొట్టింది. మరుసటి ఏడాది, 2013లో, ఒక్క డేగ కూడా వలలో పడలేదు. పోలీసులొచ్చి ఊరిని ఖాళీ చేయించడం వల్ల జరిగిన పని కాదిది. నాగాలాండ్‌లో అడవి ఎక్కువ భాగం ఊళ్లదే. గ్రామసభలు, చర్చి పెద్దలు, వలలు కట్టినవాళ్లు కూర్చుని వద్దనుకున్నారు. తమ మాట చెల్లుతుందన్న నమ్మకం ఉంది కాబట్టి మాట నిలబెట్టుకున్నారు. ఆ తర్వాతే డేగలను చూడటానికి జనం రావడం మొదలైంది.

మూడు చోట్లా వరస ఒకటే. ముందు ఊరి మాటకు విలువ, తర్వాత సంరక్షణ, ఆ తర్వాత పర్యాటకం. మన దగ్గర ఈ వరస తిరగబడింది. మారేడుమిల్లిలో వనసంరక్షణ సమితులతో మొదలైన ప్రయత్నం మంచిదే, వాలమూరు వాగు ఒడ్డున విడిదులూ బాగానే నడిచాయి. నంద్యాల అడవుల్లో బైర్లూటి, పచ్చర్ల జంగిల్ క్యాంపులున్నాయి, శ్రీశైలం దారిలో తుమ్మలబైలు ఉంది. మన్ననూరులో 2021 నవంబరులో అటవీశాఖ టైగర్ స్టే ప్యాకేజీ తెచ్చింది, చెంచు యువకులను గైడ్లుగా పెట్టింది. ఇవన్నీ నాకు సంతోషమే. చెంచు కుర్రాడు తన అడవిని పట్నం పిల్లలకు చూపించడం మంచి సంగతే. కానీ టికెట్ ధర ఎంతో, రోజుకు ఎన్ని జీపులో, ఏ దారిలో ఎప్పుడు పోవాలో, వచ్చిన డబ్బు ఎటు పోవాలో నిర్ణయించే చోట అతని కుర్చీ లేదు. జీతగాడిగా ఉండటం వేరు, హక్కుదారుగా ఉండటం వేరు. జీతగాడిని రేపు ఇంకొకడితో మార్చేయవచ్చు.

పైగా పర్యాటకం నిలకడ లేని బతుకుతెరువు. వానాకాలంలో, జులై నుంచి సెప్టెంబరు దాకా, అభయారణ్యాల్లో సఫారీ మూతపడుతుంది. ఆ మూడు నెలలు గైడ్ ఏం తినాలి? ఆ నెలల్లో అతన్ని సాకేది అడవే. 2020లో కరోనా వచ్చినప్పుడు ప్రపంచమంతటా సఫారీ గ్రామాలు చూస్తుండగానే ఆదాయం పోగొట్టుకున్నాయి. నమీబియాలో 1996 చట్టంతో ఊళ్లు తమ భూమి మీది వన్యప్రాణుల నిర్వహణను తామే చేపట్టాయి, ఇప్పుడు అలాంటి సంరక్షణ సంఘాలు 86, దేశంలో దాదాపు అయిదో వంతు నేల వాటి కింద ఉంది. అక్కడ కూడా సందర్శకులు ఆగిన ఆ ఏళ్లు గడ్డుగానే గడిచాయి. అయినా సంఘాలు నిలిచాయి, ఎందుకంటే భూమి మీద అధికారం పర్యాటకుడితో పాటు వచ్చింది కాదు, పోయేదీ కాదు. అడవిని లాక్కుని పర్యాటకాన్ని చేతిలో పెట్టడం అంటే ఎండిపోని చెరువు తీసుకుని అద్దె ట్యాంకరు ఇవ్వడమే.

నేపాల్‌ను చూపి మనవాళ్లు తరచూ మెచ్చుకుంటారు. 2009లో 121గా ఉన్న పులులు 2022 నాటికి 355 అయ్యాయి. అక్కడ సైన్యం కాపలా ఉందన్నది నిజం, పూర్వం థారూ జనాన్ని అడవుల్లోంచి వెళ్లగొట్టిన మచ్చా ఉంది. అయితే పార్కుల ఆదాయంలో 30 నుంచి 50 శాతం చుట్టుపక్కల ఊళ్లకు చట్టప్రకారం వెళ్లాలన్న సంగతి కూడా ఆ విజయంలో భాగమే. మనవాళ్లు పులుల లెక్క మెచ్చుకుంటారు, ఈ శాతం దగ్గర మౌనంగా ఉంటారు.

తరలింపు వాదం లెక్కలోకి తీసుకోని ఇంకో నిజం ఉత్తర తెలంగాణలో కనిపిస్తుంది. 2022 లెక్కింపులో కవ్వాల్ అభయారణ్యం హద్దుల్లో ఒక్క పులీ నమోదు కాలేదు. పులులు మహారాష్ట్ర తడోబా వైపునుంచి కాగజ్‌నగర్ మీదుగా పత్తిచేలూ గనులూ ఊళ్లూ దాటుకుంటూ వస్తాయి. అంటే ఆ పులి బతుకు గీసిన హద్దు లోపల కన్నా బయట, వేల రైతుల చేతుల్లో ఉంది. 2024 జనవరిలో అక్కడే రెండు పులులు చచ్చిపడ్డాయి. పశువు కళేబరానికి విషం పెట్టిన వ్యవహారం అందులో బయటపడింది. 2025 మేలో కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వు ప్రకటిస్తూ 49వ నంబరు జీవో వచ్చింది. ఊళ్లను ముందు అడగలేదని ఆదివాసులు ఉద్యమించారు, జులైలో ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. ఆ వేడిలో నష్టపోయింది పులే. పశువు పోయిన రోజే పరిహారం, నిర్ణయానికి ముందే గ్రామసభ, ఈ రెండూ ఉండి ఉంటే ఆ రైతులు పులికి శత్రువులయ్యేవాళ్లు కారు. కవ్వాల్ నుంచి తడోబా దాకా ఊళ్లన్నీ ఖాళీ చేయిస్తారా? చేయించలేరు. అయితే జనంతో కలిసి పులిని కాపాడే విద్య నేర్చుకోక తప్పదు. నేర్చుకోవడానికి నల్లమల కంటే మంచి బడి లేదు.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఊరి చెట్ల మీదికి ప్రతి ఏటా వచ్చే పెలికాన్లను, ఎర్రకాళ్ల కొంగలను ఊరివాళ్లే కాపాడుకుంటున్నారు. పక్షులు రాకపోతే ఊరికి మంచిది కాదని నమ్ముతారు. పక్షుల కోసం ఊరిని ఖాళీ చేయమని అక్కడ ఎవరైనా అడుగుతారా? అడగరు. రైతు ఊరికి ఒక న్యాయం, చెంచు పెంటకు ఇంకో న్యాయం ఎందుకు?

కాబట్టి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు రెండింటినీ నేను అడిగేది ఇది. అప్పాపూర్ నుంచి సున్నిపెంట వైపు గూడేల దాకా, ఎక్కడ తరలింపు మాటెత్తినా ముందు ఆ పెంటలోనే, చెంచుల ముందే, గ్రామసభ పెట్టండి. సాముదాయిక హక్కుల పత్రాలు చేతికివ్వండి. ఆదిమ తెగల ఆవాస హక్కును చట్టం గుర్తించింది, దాన్ని చెంచులకు ఇవ్వండి. వాచర్లను పర్మినెంటు చేయండి. సఫారీ రాబడిలో కచ్చితమైన వాటా పెంటల సంఘాలకు జమ చేయండి, లెక్క నోటీసు బోర్డు మీద పెట్టండి. జీపుల సంఖ్య మీద చివరి మాట వాళ్లదే కానివ్వండి. ఇదంతా చేశాక కూడా వెళ్తామన్న కుటుంబాన్ని గౌరవంగా, భూమితో పంపండి.

పాఠకుడికి ఒక్క విన్నపం. ఈసారి మన్ననూరులోనో బైర్లూటిలోనో సఫారీకి టికెట్ కొన్నప్పుడు కౌంటరు దగ్గర అడగండి: ఈ డబ్బులో చెంచుల సంఘానికి ఎంత వెళ్తుంది? జవాబు రాకపోతే రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు చట్టం ఉంది, దరఖాస్తు రుసుము 10 రూపాయలు.